‘ఇవాళ వద్దులే’ అనడానికి ఎంత ఖర్చు? పార్కు పాసులు, తీర్థం రైడ్లు, భద్రత లెక్క

వేసవి సెలవులు దగ్గరపడగానే అమ్యూజ్‌మెంట్ పార్కుల సీజన్ పాసుల ప్రకటనలు ఫోన్లలో వరుస కడతాయి. ‘మూడుసార్లు వస్తే చాలు, పాస్ డబ్బులు తీరిపోతాయి’ అన్నది వాటి సారాంశం. ఇటు దసరా వెళ్లగానే విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం, మాఘంలో అరసవల్లి రథసప్తమి, ఆ ముందూ వెనకా ఊరూరా తీర్థాలు, అంటే జాతరలు. జనం పోగైన చోటల్లా జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డాన్స్, పిల్లలు గెంతే గాలి బొమ్మల కోట వచ్చి దిగుతాయి. పార్కులోనైనా తీర్థంలోనైనా మనం కట్టేది డబ్బే, ఎక్కేది ఇనుమే. కానీ డబ్బు కట్టిన తీరును బట్టి ఆ ఇనుము మీద మన తీర్పు మారిపోతుంది. ఈ మెలిక పట్టుకోకుండా ‘పాస్ లాభమా’ అనీ, ‘ఆ రైడ్ ఎక్కొచ్చా’ అనీ విడివిడిగా అడిగితే రెండింటికీ సగం జవాబే దొరుకుతుంది.

ముందు డబ్బు సంగతి.

పెద్ద పార్కు అనగానే శ్రీకాకుళం, విజయనగరం లాంటి మన జిల్లాల్లో చాలామంది హైదరాబాద్ అంటారు. రావిర్యాల దగ్గర వండర్‌లా 2016లో మొదలైంది కాబట్టి ఆ పేరే నోట్లో నానింది. మ్యాపు తీసి చూస్తే కథ వేరు. అదే సంస్థ 2024లో భువనేశ్వర్ శివార్లలో మరో పార్కు తెరిచింది. శ్రీకాకుళం పక్కనున్న ఆమదాలవలసలో రైలెక్కితే భువనేశ్వర్ మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. సికింద్రాబాద్ అయితే అంతకు రెట్టింపు దాటుతుంది. ఇచ్ఛాపురం వాళ్లయితే పొద్దున్న బయల్దేరి రాత్రికి ఇంటికి చేరొచ్చు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే, ఏ పార్కు ధరలూ కావు. ఒకరోజు టికెట్ పన్నుతో కలిపి 1,500 రూపాయలు, ఏడాది పాస్ 4,000. పార్కు ఉన్న ఊళ్లోనే కాపురమున్న మనిషికి రానుపోను బస్సు, టీ నీళ్లు కలిపి 200 అవుతుంది. మూడుసార్లు వెళ్తే టికెట్ల దారిలో 5,100, పాస్ దారిలో 4,600. మిగులు ఐదు వందలు, దాదాపు పదో వంతు. శ్రీకాకుళం మనిషికి రైలు, ఆటోలు, ఒక రాత్రి లాడ్జి, తిండి కలిపి విడతకు 2,000 వేసుకుంటే టికెట్ల దారిలో 10,500, పాస్ దారిలో 10,000. మిగులు అదే ఐదు వందలైనా మొత్తం ఖర్చులో ఇరవయ్యో వంతు కూడా కాదు. రెండు విడతలతో ఆగిపోయారా, టికెట్లకు 7,000 అయ్యేది పాస్‌తో 8,000 అవుతుంది. తలకు వెయ్యి నష్టం, నలుగురున్న ఇంటికి నాలుగు వేలు.

కిటుకంతా ఆ మూడో విడతలో ఉంది. పాస్ లేకపోతే మూడోసారి వెళ్లేవారేనా? వెళ్లేవారు కాకపోతే, కొన్న పాస్‌ను ‘గిట్టించుకోవడానికి’ మళ్లీ రెండు వేలు పోసి రైలెక్కుతున్నారన్నమాట. పాస్ అమ్మేవాళ్ల లెక్కలో మన రైలు ఛార్జీ ఎక్కడా కనిపించదు. వాళ్లకు రాబడి లోపల భోజనం మీద, లాకర్ల మీద, ఈత దుస్తుల అద్దె మీద, క్యూ దాటించే ఫాస్ట్ ట్రాక్ టికెట్ల మీద వస్తుంది. ఈ నాలుగూ పాస్‌లో కలిసి ఉన్నాయా లేదా అన్నది కొనకముందు అడగాల్సిన మొదటి ప్రశ్న. సాధారణంగా ఉండవు.

షరతుల కాగితంలో చెల్లని రోజులేవో చూడాలి. దసరా, సంక్రాంతి సెలవులు, డిసెంబర్ ఆఖరి వారం, వేసవి ఆదివారాలు: ఉద్యోగస్తులకూ బడి పిల్లలకూ ఖాళీ దొరికేవి సరిగ్గా అవే. చెల్లని రోజులు లేవన్నా నమ్మి వదిలేయకూడదు. కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ అలాగే చెప్పి ‘డ్రీమ్ కీ’ అనే పాస్ అమ్మింది. తీరా వద్దామంటే ముందు రిజర్వేషన్ కావాలంది, కోరిన తేదీకి పాస్‌దారుల కోటా అయిపోయిందంది. ఒకరు కోర్టుకెక్కారు, ఆఖరికి 95 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ‘ఏడాదంతా ఎన్నిసార్లయినా’ అన్న పెద్దక్షరాల కింద ‘స్లాట్ బుకింగ్ తప్పనిసరి’ అన్న చిన్నక్షరాలు ఉన్నాయేమో వెతకమనేది అందుకే.

గడువు కొన్న రోజు నుంచి లెక్కా, మొదటిసారి గేటు దాటిన రోజు నుంచా, లేక అందరికీ ఒకే తేదీన ముగుస్తుందా అన్నది కూడా తేల్చుకోవాలి. ఫోటో అంటించిన పాస్ బావమరిది చేతికిచ్చి పంపడం కుదరదు. ధర పన్నుతో కలిపి చెప్పారో లేదో చూడాలి. థీమ్ పార్కు ప్రవేశం మీద జీఎస్టీ 2018 జనవరి 25 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. ప్రకటనలో 1,271 అని కనిపించింది బిల్లులో 1,500 కావడానికి ఆ పద్దెనిమిదే కారణం.

పిల్లల ఎత్తు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పార్కులు పిల్లల టికెట్‌ను వయసుతో కాకుండా ఎత్తుతో తేల్చడం మామూలే. ఐదు నుంచి పదేళ్ల లోపు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు సాగుతారు. పిల్లల టికెట్ హద్దు 140 సెంటీమీటర్లయితే, జూన్‌లో 138 ఉన్న పాపకు కొన్న పిల్లల పాస్ డిసెంబర్‌లో గేటు దగ్గర పేచీ తెస్తుంది. పెద్ద రైడ్ల కనీస ఎత్తు 122 అనో 137 అనో 140 అనో ఉంటుంది. 114 ఉన్న బాబుకు ఏడాది పాస్ కొంటే, వాడు ఆ ఏడాదంతా 122 రైడ్ దగ్గర గోడ మీది గీతకు వీపు ఆనించి ఏడవడమే అవుతుంది. కొనే ముందు ఇంట్లో గోడకు నిలబెట్టి, చెప్పులు లేకుండా, టేపుతో కొలవండి. 

ఇక్కడి నుంచి డబ్బు లెక్క భద్రత లెక్కలోకి నడుస్తుంది. ఒకరోజు టికెట్ కొన్నవాడి బుర్రలో ఆటో మీటరు లాంటిదొకటి తిరుగుతుంటుంది. రైడ్ ఎక్కకుండా గడిచిన ప్రతి అరగంటా నష్టంగా తోస్తుంది. అందుకని నడినెత్తిన ఎండలో నీళ్లు తాగకుండా క్యూలో నిలబడతాడు, కడుపులో తిప్పుతున్నా ఇంకొకటి ఎక్కుతాడు, ఉరుము వినిపించినా వరుస వదలడు. పిల్లాడు ఒక సెంటీమీటరు తక్కువైతే బూటులో అట్టముక్క పెట్టి చూస్తాడు. పాస్ ఉన్న మనిషికి ఈ తొందర ఉండదు. ‘ఇవాళ వద్దులే, వచ్చే ఆదివారం చూద్దాం’ అనేయగలడు. మా దృష్టిలో పాస్‌కున్న అసలు విలువ ఈ వెసులుబాటే. పార్కు పక్కన ఉన్నవాళ్లకు ఇది దండిగా అందుతుంది. దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన విజయనగరం కుటుంబం చేతిలో పాస్ ఉన్నా ఒకరోజు టికెట్ వాళ్లలాగే తొందరపడుతుంది, ఎందుకంటే వాళ్ల వచ్చే ఆదివారం మళ్లీ రైలు ఛార్జీతో వస్తుంది. మన తీర్థాల్లో రైడుకింత అని విడి టికెట్టు. వద్దనుకుంటే పోయేది యాభయ్యో వందో. కాబట్టి అత్యంత నిక్కచ్చిగా ఉండగలిగేది తీర్థంలోనే. వంక పెట్టి చూడాల్సినవి ఎక్కువగా ఉండేదీ అక్కడే.

శాశ్వత పార్కులో ప్రమాదం ఎలా వస్తుంది?

రోలర్ కోస్టర్ బండి పట్టాల మీద ఊరికే ఆనుకుని ఉండదు. ప్రతి చోటా మూడు రకాల చక్రాలు పట్టాను పట్టుకుంటాయి: పైన బరువు మోసేవి, పక్కన ఒరిగిపోకుండా కాసేవి, కింది నుంచి బండి పైకి లేవకుండా ఆపేవి. తలకిందులైనా బండి ఊడిపడకపోవడానికి కారణం ఆ కింది చక్రాలు. ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించే టకటక శబ్దం గొలుసుది అనుకుంటారు చాలామంది. అది వెనక్కి జారకుండా పళ్ల మీద పడే ఇనుప నాలుకది. గొలుసు తెగినా బండి అక్కడే ఆగుతుంది. పైనుంచి దభాలున పడే టవర్లలో అయస్కాంత బ్రేకులు ఉంటాయి. రాగి లేదా అల్యూమినియం పలక అయస్కాంతాల మధ్య దూరినప్పుడు పుట్టే కరెంటే దాన్ని నిదానింపజేస్తుంది కాబట్టి, బయటి కరెంటు పోయినా అవి పనిచేస్తాయి. యంత్రాన్ని ఇంత జాగ్రత్తగా కట్టాక కూడా మనుషులు చచ్చిపోయారంటే, చాలాసార్లు యంత్రం ‘వద్దు’ అన్నప్పుడు మనిషి ‘పర్లేదు’ అన్నాడు.

2015 జూన్ 2న ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో ‘స్మైలర్’ అనే కోస్టర్ మీద ఒక ఖాళీ బండి దారి మధ్యలో ఆగిపోయింది. ట్రాక్‌ను గదులుగా విడదీసి, ఒక గదిలో ఒక్క బండికే చోటిచ్చే కంప్యూటర్ వెనకున్న బండిని ఆపేసింది. సిబ్బంది అది తప్పుడు హెచ్చరిక అనుకుని, దాన్ని దాటవేసి 16 మందితో ఉన్న బండిని వదిలారు. ఢీకొన్న దెబ్బకు ఇద్దరు అమ్మాయిలు చెరో కాలు పోగొట్టుకున్నారు. కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా పడింది. 2022 మార్చి 24న అమెరికాలోని ఓర్లాండోలో 430 అడుగుల ‘ఫ్రీ ఫాల్’ టవర్ నుంచి 14 ఏళ్ల బాబు జారిపడి చనిపోయాడు. తయారీదారు పెట్టిన బరువు హద్దు 130 కిలోలు, అతని బరువు 170 పైమాటే. భుజాల మీద బార్ పూర్తిగా దిగకపోతే రైడ్ కదలకూడదు. ఆ సీటు సెన్సార్‌ను చేత్తో సవరించి, మామూలుకంటే దాదాపు రెట్టింపు సందు ఉన్నా సరేననేలా చేసి ఉంచారు. అసలే బార్ తప్ప నడుముకు బెల్టు లేదు. ఆస్ట్రేలియాలో డ్రీమ్‌వరల్డ్‌లో 2016 అక్టోబర్ 25న నీటి పంపు ఆగి కాలువలో మట్టం పడిపోయింది. ఒక తెప్ప పట్టాల మీద చిక్కుకుంది. వెనకొచ్చే తెప్పను మోసుకొచ్చే కన్వేయర్ ఆగలేదు. నలుగురు పోయారు.

ఈ మూడింటి నుంచీ మనం పట్టుకుపోవాల్సింది ఆపరేటర్ చేతి పని. బార్ దించాక ఆయన ప్రతి సీటు దగ్గరకూ వచ్చి చేత్తో కిందికి నొక్కి, మళ్లీ పైకి లాగి చూడాలి. దూరం నుంచి చూపుడు వేలితో లెక్కపెట్టి బటన్ నొక్కే చోట ఎక్కకండి. బార్‌కూ ఒంటికీ మధ్య అరచేయి బల్లపరుపుగా మాత్రమే దూరాలి. పిడికిలి దూరిందంటే వదులు. ఒకే బార్ కింద తండ్రీ కొడుకూ కూర్చుంటే అది తండ్రి పొట్ట దగ్గర ఆగిపోతుంది, పిల్లాడి ఒళ్లో జానెడు ఖాళీ మిగులుతుంది. అలాంటి సీట్లలో పిల్లల్ని పెద్దవాళ్ల పక్కన కాకుండా తమ సైజువాళ్ల పక్కన కూర్చోబెట్టమని అడగాలి, లేదా మానేయాలి.

రైడ్ మూసి ఉంటే పార్కును తిట్టుకుంటాం గానీ, అది మంచి గుర్తు. పొద్దున్నే ఖాళీ బండ్లను రెండు మూడు చుట్లు తిప్పి, చెక్‌లిస్టు మీద సంతకాలు పడ్డాకే జనాన్ని ఎక్కించడం పద్ధతి. ఏడాదిలో ఏ రోజూ ఏ రైడూ మూయని పార్కు ఉందంటే దాన్ని అనుమానించాలి.

ఇక తీర్థం మైదానం.

ఇక్కడ రైడ్ ఎన్నిసార్లు విప్పి ఎన్నిసార్లు బిగించారన్నది మొదటి ప్రశ్న. పార్కు రైడ్ కాంక్రీటు మీద ఒక్కసారి నిలబడుతుంది. తీర్థం జెయింట్ వీల్ లారీలో వస్తుంది, రెండు మూడు రోజుల్లో లేస్తుంది, పండుగ అయ్యాక మళ్లీ విడి ముక్కలై ఇంకో ఊరు పోతుంది. ప్రతి విప్పడంలోనూ పిన్ను రంధ్రం కాస్త అరుగుతుంది, బోల్టు మరలు కాస్త నలుగుతాయి, ఏదో ఒక చిన్న వస్తువు గడ్డిలో పోతుంది. పోయినదాని చోట ఏం పెట్టారన్నదే ప్రాణాల సంగతి.

తొట్టె వేలాడే ఇరుసును చూడండి. ఇరుసు పక్కకు జారిపోకుండా దాని చివర రంధ్రంలో ఒక స్ప్లిట్ పిన్ను దూర్చి, రెండు కాళ్లూ విడదీసి వంచుతారు. ఊళ్లో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికే చవక వస్తువు. అది ఉండాల్సిన చోట మేకు గానీ, వెల్డింగ్ రాడ్డు ముక్క గానీ, కట్టు తీగ మెలి గానీ కనిపిస్తే ఆ చక్రం ఎక్కకూడదు. దీనికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. కిందకొచ్చి ఆగిన తొట్టె పక్కన నిలబడితే కళ్ల ఎదుటే ఉంటుంది.

బోల్టు తలకాయ మీద అంకె ఉంటుంది: 4.6, 8.8, 10.9. మొదటి అంకెను వందతో హెచ్చిస్తే ఎంత లాగుడుకు తెగుతుందో ఆ కొలత, మెగాపాస్కల్స్‌లో. అంటే 8.8 బోల్టు 800 దగ్గర తెగితే 4.6 బోల్టు 400 దగ్గరే తెగుతుంది. రెండూ ఒకే లావు, ఒకే పొడవు, ఒకే పానాకు పడతాయి. 8.8 పోయి చేతికందిన 4.6 వేస్తే బయటికి ఏ తేడా కనపడదు, బలం మాత్రం సగమైపోతుంది. తలకాయ మీద అంకే లేని బోల్టు మరీ ప్రమాదం. జాగ్రత్తగల మేస్త్రీ బిగించాక నట్టు మీదుగా పక్క ఇనుము మీదకు ఒక పెయింటు గీత గీస్తాడు. నట్టు కాస్త తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. అలాంటి గీతలున్న రైడ్ ఎక్కడైనా కనిపిస్తే, దాన్ని నడిపేవాళ్లకు పని తెలుసని అర్థం. 2018 మేలో అనంతపురంలో జెయింట్ వీల్ బోల్టు వదులై తొట్టె ఊడిపడి ఒక పాప చనిపోయింది. పెద్ద ఇనుము విరగలేదక్కడ, చిన్న ఇనుము ఊడింది.

పెద్ద ఇనుము విరిగే తీరు మరొకటి. వీల్ నిమిషానికి నాలుగు చుట్లు తిరుగుతుందనుకుంటే, రోజుకు ఆరు గంటల ఆటలో ప్రతి కడ్డీ 1,440 సార్లు సాగి ముడుచుకుంటుంది. నలభై ఐదు రోజుల ఎగ్జిబిషన్‌లో 64,800 సార్లు. ఒక్కో లాగుడూ దాని శక్తికి లోబడే ఉన్నా, వెల్డింగ్ అంచున వెంట్రుకంత పగులు పుట్టి రోజూ కొంచెం పాకుతుంది. తెగే క్షణం దాకా రైడ్ మామూలుగానే తిరుగుతుంది. దానికి తోడు తుప్పు. అమెరికాలోని ఒహాయో తిరునాళ్లలో 2017 జూలై 26న ‘ఫైర్ బాల్’ రైడ్ చేయి తెగిపోయి ఒక యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు. ఆ గొట్టం లోపలి వైపు నుంచి తుప్పు తిని గోడ పల్చబడింది. బయట రంగు నిగనిగలాడుతోంది, అదే రోజు తనిఖీ కూడా పాసైంది. అహ్మదాబాద్ కాంకరియాలో 2019 జూలై 14న లోలకం రైడ్ ప్రధాన గొట్టం విరిగి ఇద్దరు పోయారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. భోగాపురం నుంచి కళింగపట్నం, బారువ దాకా మన ఊళ్లది ఉప్పుగాలి. గొట్టంలోకి చెమ్మ దూరిందంటే ఎండదు. పండుగ ముందు వేసిన కొత్త రంగు ఏమీ చెప్పదు. వెల్డింగ్ వెంబడి రంగు మీదుగా ఎర్రటి నీరు కారిన చారలున్నాయేమో చూడాలి, అవి లోపలి తుప్పు బయటికి రాసిన ఉత్తరం. సరైన పరీక్షలు వేరే ఉన్నాయి: పగులులోకి ఇంకే ఎర్ర రంగు పూసి చూడడం, అయస్కాంత పొడి చల్లడం, అల్ట్రాసౌండ్‌తో గొట్టం మందం కొలవడం. అవి చేయించామని నడిపేవాళ్లు కాగితం చూపగలగాలి.

నేల సంగతికొస్తే, రైడ్ కాళ్ల కింద చెక్క స్లీపర్లు పరిచి బరువును పంచుతారు. సిరిమాను రోజులంటే అక్టోబర్, వర్షాలు పూర్తిగా వెళ్లని కాలం. రాత్రి వాన పడితే పొద్దుటికి ఒక కాలు వేలెడంత దిగుతుంది, పైన చక్రం అంచు జానెడు ఒరుగుతుంది. వాన వెలిశాక రసమట్టంతో చూసి, జాకీ వేసి, చెక్కలు సరిచేయకుండా మొదలెట్టారంటే దిగి రావాల్సిందే. స్లీపర్ల కింద ఇటుక ముక్కలు, కొబ్బరి దుంగలు, బురదనీరు కనిపిస్తే అడగనే అక్కర్లేదు. చక్రం నింపే పద్ధతి కూడా చూడండి. తెలిసినవాడు ఒక తొట్టె నింపి, తిప్పి, దానికి ఎదురున్న తొట్టె నింపుతాడు. రద్దీలో వరుసగా నాలుగైదు నింపేస్తే ఒక పక్క బరువెక్కి మోటారూ బ్రేకూ దాంతో కుస్తీ పడతాయి.

మన తీరానికి అక్టోబర్ అంటే తుపానుల నెల కూడా. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చాయి. పేరున్న తుపానుకు మైదానమే ఖాళీ అవుతుంది కాబట్టి భయం తక్కువ. భయపడాల్సింది సాయంత్రం పూట హఠాత్తుగా లేచే ఈదురుగాలికి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. ఐరోపా ప్రమాణాల్లో ఇలాంటి రైడ్లు నడిపేటప్పుడు లెక్కలోకి తీసుకునే గాలి గంటకు 54 కిలోమీటర్లు. గాలి బొమ్మల కోటకైతే హద్దు 38 మాత్రమే. ఆ వేగానికి కొమ్మలు కాదు, చిన్న చెట్లే ఊగుతుంటాయి. గాలి కోట చిన్నపిల్లలది, మెత్తనిది అని దాన్నెవరూ పట్టించుకోరు గానీ, కట్టు తెగితే తెరచాపలా లేచిపోయేది అదొక్కటే. కనీసం ఆరు చోట్ల నేలలోకి ఏటవాలుగా దిగిన ఇనుప మేకులుండాలి. మేకు దాదాపు మూరెడు, 38 సెంటీమీటర్ల పొడవు, వేలిలావు. ఇసుక మూటలకూ పక్కన ఆగిన బైకుకూ తాడు కట్టి ఉంటే పిల్లల్ని దింపేయండి.

కరెంటు చూడాల్సింది ముఖ్యంగా వానలో. ఇనుప మెట్లు, తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, జనరేటర్ నుంచి నేలమీద పాకుతున్న వైరు. ప్రతి రైడ్‌కూ విడి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే బ్రేకర్ ఉండాలి. జనం నడిచే దారిలో టేపు చుట్టిన జాయింట్లు కనిపిస్తే ఆ దారి మానండి.

కాగితాల విషయానికొస్తే, రైడ్ల రూపకల్పనకూ నిర్వహణకూ 2004 నుంచి ఐఎస్ 15475 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఎగ్జిబిషన్‌కు అనుమతి ఇచ్చేముందు పోలీసు, అగ్నిమాపక, విద్యుత్, రోడ్లు భవనాల ఇంజినీర్ల అభిప్రాయం తీసుకోవడం ఆనవాయితీ. అనుమతి పత్రంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని, ఏయే రైడ్లకు అని ఉంటుంది. గడువు పెంచుకుని ఆడిస్తున్న ఎగ్జిబిషన్‌లో పరీక్ష మళ్లీ చేశారా అన్నది అసలు ప్రశ్న. అనుమతి రోజున నిటారుగా ఉన్న వీల్ ఇరవయ్యో రోజు వానకు ఒరిగి ఉండొచ్చు. 2022 సెప్టెంబర్ 4న మొహాలీలో ఎగ్జిబిషన్ టవర్ రైడ్ కూలి పది మందికి పైగా గాయపడ్డారు. కాగితం ఇనుమును పట్టుకోదు. అయినా అడగడం మంచిదే. తనిఖీ పత్రం, థర్డ్ పార్టీ బీమా కాపీ కౌంటర్ దగ్గర అంటించినవాడు మిగతావీ కాస్తో కూస్తో చూసుకుంటాడు.

ఎక్కేవాళ్ల ఒంటి విషయం క్లుప్తంగా. గర్భిణులు, గుండె జబ్బు, మెడ నడుము నొప్పి, మూర్ఛ ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు పార్కులోనైనా తీర్థంలోనైనా వేగంగా తిప్పేవాటికి దూరంగా ఉండాలి. చున్నీ, పైట కొంగు, వదిలేసిన జడ తిరిగే ఇరుసుకు చిక్కుతాయి. 2020లో హైదరాబాద్ శివార్లలోని గుర్రంగూడలో గోకార్ట్ చక్రానికి జుట్టు చుట్టుకుని ఒక విద్యార్థిని ప్రాణం పోయింది. జుట్టు ముడి వేసి లోపలికి దోపాలి, చున్నీ కింద ఇచ్చి ఎక్కాలి, ఫోన్ జేబులో జిప్పు వేసి ఉండాలి. పైనుంచి జారిన ఫోన్ కింద క్యూలో నిలబడ్డవాళ్ల తల మీద పడుతుంది.

రైడ్ మధ్యలో ఆగిపోతే కదలకుండా కూర్చోవడమే పని. 2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌లో ఒక రైడ్ తలకిందులుగా ఆగి, ఎక్కినవాళ్లు ఇరవై నిమిషాలకు పైగా అలాగే వేలాడారు. అందరూ క్షేమంగా దిగారు, ఎందుకంటే బార్‌లు మూసే ఉన్నాయి. భయంలో బార్ పైకి తోసి దిగబోయినవాళ్లకే ముప్పు. పిల్లల చేతులు బార్ మీదే ఉండేలా మాట్లాడుతూ ఉండండి. కింద ఉన్నవాళ్లు ఆపరేటర్‌ను చుట్టుముట్టి తిట్టకుండా 112కు ఫోన్ చేసి అగ్నిమాపక నిచ్చెన అడగాలి.

దెబ్బ తగిలితే, లేదా పాస్ షరతు మోసమనిపిస్తే, దారి ఒకటే. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పొచ్చు. కదలిక లేకపోతే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు కాబట్టి భువనేశ్వర్ పాస్ గొడవకు భువనేశ్వర్ పోనక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. కేసు నిలబడాలంటే మీరు డబ్బు కట్టిన రుజువు కావాలి, తీర్థం టికెట్టేమో గేటు దగ్గరే చింపి సగం పడేస్తారు, పార్కు బిల్లేమో వేడికి నల్లబడే కాగితం మీద వచ్చి రెండు మూడు నెలల్లో వెలిసిపోతుంది. రెండింటినీ ఎక్కకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. రైడ్ పేరు, తేదీ కనిపించేలా బోర్డును కూడా.